చీకటి పడితే పైకి, తెల్లవారితే లోతుకు: లాంతరు చేపలపై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో మిణుగురుల వెలుగు గురించి రాస్తూ, సొంత వెలుగున్న ప్రాణుల్లో ఎక్కువ భాగం నేల మీద కాక సముద్రంలోనే ఉన్నాయని, వాటిలో లాంతరు చేపలు ముఖ్యమైనవని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాం. మిణుగురుల కంటే ఆ ఒక్క వాక్యానికే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. అందువల్ల ఈ నెల శీర్షికను పూర్తిగా లాంతరు చేపలకే కేటాయిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా ఇచ్చాం.

ప్రశ్న: నేను ముప్పై ఏళ్ళు సరకు నౌకల్లో పనిచేసి రిటైరయ్యాను. పాత రోజుల్లో ఎకో సౌండర్ సముద్రపు లోతును కాగితం చుట్ట మీద గీతగా గీసేది. బంగాళాఖాతం మధ్యలో, పటం ప్రకారం రెండు మూడు వేల మీటర్ల లోతు ఉండవలసిన చోట, పగటిపూట మూడు నాలుగు వందల మీటర్ల దగ్గర మసకగా ఇంకో గీత పడేది. సాయంత్రమయ్యేసరికి అది పైకి పాకేది. మా పై అధికారులు దాన్ని ‘దొంగ అడుగు’ అని నవ్వి ఊరుకునేవారు. అది మీరు రాసిన చేపలేనా? (విశాఖపట్నం పాఠకుడు)

జవాబు: చాలావరకు అవే. నౌక నుంచి కిందికి పంపిన ధ్వని దేనికైనా తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఎకో సౌండర్ లోతును లెక్కగడుతుంది. చేప కండకూ నీటికీ సాంద్రతలో పెద్ద తేడా లేదు కనుక కండ నుంచి వచ్చే ప్రతిధ్వని బలహీనంగా ఉంటుంది. కాని చేప కడుపులో ఉండే గాలితిత్తి ధ్వనిని గట్టిగా వెనక్కి కొడుతుంది. అటువంటి తిత్తులు లెక్కకు అందనన్ని ఒకే లోతులో పరుచుకుని ఉంటే యంత్రం దాన్ని కూడా ఒక నేలగానే భావించి గీత గీస్తుంది.

మీ అధికారుల కంటే ముందే ఈ దొంగ అడుగు అమెరికా నౌకాదళాన్ని తికమక పెట్టింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, జలాంతర్గాములను ధ్వనితో పసిగట్టే పరిశోధనలో భాగంగా, 1942లో కాలిఫోర్నియాలోని సాన్ డియాగో తీరానికి ఆవల ప్రయోగాలు చేస్తున్న ఐరింగ్, క్రిస్టెన్సెన్, రైట్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు సుమారు 300 నుంచి 450 మీటర్ల లోతులో ధ్వనిని చెదరగొట్టే పొర ఒకటి తగిలింది. వారి పేర్లలోని మొదటి అక్షరాలతో దాన్ని కొంతకాలం ఈసీఆర్ పొర అని పిలిచారు. వేడి నీరు, చల్లని నీరు కలిసే చోట ధ్వని వంగుతుంది కనుక ఇది కూడా అటువంటిదేమో అన్న అనుమానం మొదట్లో సహజమే. 1945లో స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన మార్టిన్ జాన్సన్ రాత్రింబవళ్ళు దాన్ని వెన్నాడి, పొర సాయంత్రం పైకి లేస్తోందని, తెల్లవారుజామున దిగిపోతోందని చూపించారు. నీటి పొరలు పొద్దు చూసుకుని కదలవు, ప్రాణమున్నవే కదులుతాయి. ఆ గమనికతో సందేహం చాలావరకు తీరిపోయింది.

ఆ పొరలో లాంతరు చేపలొక్కటే ఉండవని కూడా చెప్పాలి. క్రిల్ అనే రొయ్యవంటి జీవులు, చిన్న స్క్విడ్‌లు, గాలి బుడగను మోసుకు తిరిగే సైఫొనోఫోర్ అనే జెల్లీ జీవులు కూడా ఆ గుంపులో ఉంటాయి. 1960 దశకంలో ఎరిక్ బర్హామ్ అనే శాస్త్రవేత్త అదే సాన్ డియాగో ప్రాంతంలో, చిన్న పరిశోధక జలాంతర్గాముల్లో ఆ లోతులకు స్వయంగా దిగి కిటికీలోంచి చూశారు. పగటిపూట అక్కడ లాంతరు చేపలు తల పైకో కిందికో పెట్టి, తాడుకు వేలాడదీసినట్టు నిట్టనిలువుగా, కదలకుండా మగతగా ఉండటం ఆయనకు కనిపించింది. యంత్రం గీతగా చూపించిన పొరను అలా కళ్ళతో చూసి చెప్పిన ఘట్టం ఈ విషయమంతటిలోకీ నాకు బాగా నచ్చినది.

ఇక చేప సంగతి. శాస్త్రంలో దీని కుటుంబం పేరు మిక్టోఫిడే. గ్రీకులో దానికి మూలం ముక్కు అనీ పాము అనీ అర్థమిచ్చే రెండు మాటలు. చేపను చూస్తే మాత్రం ఆ రెండూ ఎక్కడా కనిపించవు: మొద్దు మూతి, పెద్ద కళ్ళు, వెడల్పైన నోరు, మన నెత్తళ్ళకు అటూ ఇటూగా ఉండే ఒళ్ళు. ఈ కుటుంబంలో సుమారు 250 జాతులున్నాయి. అతి చిన్నవి పెద్దయినా రెండు మూడు సెంటీమీటర్లు దాటవు. ముప్పై సెంటీమీటర్ల దాకా ఎదిగేవి చాలా అరుదు. ఉత్తర ధ్రువ మహాసముద్రాన్ని మినహాయిస్తే ప్రపంచంలోని మహాసముద్రాలన్నిటిలోనూ ఇవి ఉన్నాయి, మన బంగాళాఖాతంలోనూ అరేబియా సముద్రంలోనూ సమృద్ధిగా ఉన్నాయి. అయినా తీరానికి దూరంగా, లోతు నీటిలో ఉంటాయి కనుక చేపల బజారులో వీటిని చూసినవారు మనలో దాదాపు లేరు.

మీరు చూసిన గీత పాకడం వెనుక ఉన్న శ్రమను ఒక లెక్కతో చెప్పుకోవచ్చు. ఐదు సెంటీమీటర్ల చేప 400 మీటర్లు పైకి ఈదిందంటే తన ఒంటి పొడవుకు 8,000 రెట్ల దూరం వెళ్ళినట్టు. ఐదున్నర అడుగుల మనిషికి ఇది 13 కిలోమీటర్లకు పైమాట. అంత దూరాన్ని ఆ చేప గంట, గంటన్నరలో దాటి, రాత్రంతా పైన మేసి, వేకువజామున మళ్ళీ అంత దూరమూ దిగిపోతుంది, మరునాడూ అంతే. పైగా 400 మీటర్ల దగ్గర ఒత్తిడి ఉపరితలం మీది గాలి ఒత్తిడికి 41 రెట్లు ఉంటే, 40 మీటర్ల దగ్గర 5 రెట్లే ఉంటుంది. అంటే కింద ఉన్నప్పటి గాలి తిత్తిలో అలాగే ఉండిపోతే, పైకి వచ్చేసరికి అది ఎనిమిది రెట్లు ఉబ్బాలి. చేప ఆ గాలిని దారిలో రక్తంలోకి పీల్చుకుంటూ రావాలి, దిగేటప్పుడు మళ్ళీ నింపుకోవాలి. ఈ బాధ పడలేకనేమో, చాలా జాతుల్లో వయసు వచ్చేసరికి తిత్తి కుంచించుకుపోతుంది, లేదా అందులో గాలికి బదులు కొవ్వు చేరుతుంది. కొవ్వు నీటి కంటే తేలిక, పైగా ఒత్తిడికి గాలిలా నలగదు. గాలి లేని చేప ఎకో సౌండర్‌కు సరిగా కనిపించదు కనుక, మీ కాగితం మీద పడిన గీత గాలి ఉన్నవాటిదే. లేనివి ఆ గీత పక్కనే చడీచప్పుడు లేకుండా ఎక్కి దిగుతూ ఉండి ఉంటాయి.

ప్రశ్న: ఇవి అంత దూరం పైకి వచ్చేది మేత కోసమే అంటున్నారు. అసలు ఏం తింటాయి? ఎప్పుడు తింటాయి? నాలుగు వందల మీటర్ల లోతున ఉండే చేప ఎప్పుడు తిన్నదో శాస్త్రవేత్తలకు ఎలా తెలుస్తుంది? (గుంటూరు నుంచి జంతుశాస్త్రం చదువుతున్న డిగ్రీ విద్యార్థిని; ఇదే అర్థం వచ్చేలా మరో ముగ్గురు)

జవాబు: ఎక్కువగా జంతు ప్లవకాలు, అంటే నీటి వాలున తేలియాడుతూ బతికే చిన్న జీవులు. వాటిలో మొదటి స్థానం కోపెపాడ్‌లది. ఇవి రొయ్యలకు దూరపు బంధువులు, చాలావరకు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల పొడవుంటాయి. చిన్న లాంతరు చేప పొట్ట కోసి చూస్తే గింజల్లా ఇవే కనిపిస్తాయి. చేప పెరిగేకొద్దీ మేత సైజు కూడా పెరుగుతుంది: క్రిల్, రొయ్యల కోవకే చెందిన ఆంఫిపాడ్‌లు, రెండు చిప్పల మధ్య ఒదిగి ఉండే ఆస్ట్రకాడ్‌లు, ఇతర చేపల పిల్లలు. దక్షిణ ధ్రువ ప్రాంతంలోని ఎలెక్ట్రోనా అంటార్కటికా అనే జాతి, తిమింగలాలు తినే అంటార్కిటిక్ క్రిల్‌నే తింటుంది. అందరూ మాంసాహారులే అనుకుంటున్న ఈ కుటుంబంలో సెరటోస్కోపెలస్ వార్మింగి అనే జాతి, ఉత్తర పసిఫిక్ నడిబొడ్డున మేత కరువైన నీటిలో, చాపల్లా తేలే డయాటమ్ నాచును మేస్తుందని 1984లో తేలింది. ఆకలి ఏం చేయించదు!

ఎప్పుడు తింటాయో తెలుసుకునే పద్ధతి వినడానికి సులువు, చేయడానికి కష్టం. పరిశోధక నౌక ఒకే చోట ఉండి రాత్రీ పగలూ కొన్ని గంటలకొకసారి వల దించుతుంది. ఈ వల నోరు కోరిన లోతులో తెరుచుకుని, పైకి లాగే ముందే మూసుకుంటుంది. లేకపోతే దారిలో పడిన చేపను కూడా అడుగున పట్టినదిగా పొరబడతాం. పట్టిన చేపల పొట్టలు కోసి, ఎంత నిండాయో, లోపలి మేత ఎంత జీర్ణమైందో చూస్తారు. కోపెపాడ్ మీసాలు కూడా చెక్కుచెదరకుండా ఉంటే అప్పుడే మింగినట్టు; పెంకు మాత్రమే మిగిలితే గంటలు గడిచినట్టు. ఇలా చూసినప్పుడు, పైకి వలస వచ్చే జాతుల్లో ఎక్కువ వాటికి రాత్రివేళ, పై నూరు మీటర్లలో పట్టినప్పుడు పొట్ట నిండుగా, మధ్యాహ్నం లోతులో పట్టినప్పుడు ఖాళీగా లేదా అరిగిన మేతతో కనిపిస్తుంది.

ఇందులో ఒక మోసం కూడా ఉంది. వలలో చిక్కిన చేప భయపడి నోరు మూసుకుంటుందని మనం అనుకుంటాం. నిజానికి వల చివరి సంచిలో తనతోపాటు వేల కోపెపాడ్‌లు ఇరుక్కుని ఉంటే, అది అక్కడే భోజనం మొదలుపెట్టవచ్చు. అందువల్ల నోట్లోనూ గొంతులోనూ ఉన్న తాజా మేతను జాగ్రత్తగల పరిశోధకులు లెక్కలోకి తీసుకోరు. మీరు ముందుముందు ఏ చేప మీదనైనా ప్రాజెక్టు చేస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి.

తినే తీరు కూడా చూడదగినది. నోరు తెరిచి ఈదుతూ నీటిని వడకట్టుకునే చేపలున్నాయి. లాంతరు చేప వాటి కోవలోది కాదు. ఇది కంటితో చూసి ఒక్కొక్కదాన్ని ఏరుకుంటుంది. మొప్పల దగ్గరి ముళ్ళు దువ్వెన పళ్ళలా దగ్గరగా ఉండి, పట్టిన చిన్న జీవి నీటితోపాటు జారిపోకుండా ఆపుతాయి. రాత్రి చీకట్లో కంటితో ఏరుకోవడం ఎలా సాధ్యమన్నది సహజమైన ప్రశ్న. దీని కన్ను మన కన్ను లాంటిది కాదు. కంటిపొరలో రంగులు పోల్చే కణాలను వదులుకుని, మసక వెలుతురును పట్టే కణాలతోనే నింపుకుంది. అవి కూడా సముద్రపు లోతుకు చేరే నీలి వెలుగుకు సరిపోయేలా ఏర్పడ్డాయి. చుక్కల వెలుగు, చంద్రుడి వెలుగు దానికి చాలు. పైగా చాలా కోపెపాడ్‌లు, ఆస్ట్రకాడ్‌లు కదిపితే తామే మెరుస్తాయి, అంటే కొన్నిసార్లు మేతే తన చిరునామా చెప్పేస్తుంది. డయాఫస్ అనే ప్రజాతిలోని చేపలకైతే కళ్ళ ముందు పెద్ద కాంతి అవయవాలుంటాయి. మోటారు వాహనపు హెడ్‌లైట్లలా అవి మేతను వెతకడానికే అన్న ఊహ చాలామందిది, నాకూ అది నమ్మదగినదిగానే తోస్తుంది.

ఒకే చోట పది ఇరవై జాతుల లాంతరు చేపలు కలిసి ఉంటాయి, అన్నీ ప్లవకాలే తింటాయి. మరి ఒకదాని నోటి దగ్గరిది మరొకటి లాక్కోదా? మెక్సికో సింధుశాఖలో ఈ సంగతినే పరిశీలించారు. అక్కడ జాతులు రాత్రిపూట తలా ఒక లోతును పంచుకున్నాయి. ఒకటి ముప్పై మీటర్ల దగ్గర మేస్తే ఇంకొకటి నూరు మీటర్ల దగ్గర మేస్తుంది. ఒకే లోతులో ఉన్నవి మేత సైజులో తేడా చూపుతాయి. ఇది ఎవరో కూర్చుని రాసిన ఒప్పందం కాదు కనుక గట్లు దాటడం కూడా తరచుగానే జరుగుతుంది.

ఇక్కడ మరో విచిత్రం. గుడ్డు పగిలి వచ్చిన పిల్లలు పెద్దల దినచర్యకు పూర్తిగా విరుద్ధం. వాటికి లోతులతో పని లేదు. పై రెండు వందల మీటర్లలోనే ఉంటూ, పగటి వెలుగులోనే మేత చూసి తింటాయి, రాత్రి పస్తులుంటాయి. ఒళ్ళు గాజులా పారదర్శకంగా ఉండటమే వాటికి రక్షణ. నడిసముద్రంలో సన్నకన్ను వలతో పట్టే చేప పిల్లల్లో దాదాపు సగం లాంతరు చేపలవే ఉండటం మామూలు. ఒళ్ళు మారి, పొలుసులూ దీపాలూ వచ్చాకే అవి లోతుకు దిగి పెద్దల బాట పడతాయి.

ఇంతకీ మేత పైన ఉన్నప్పుడు పగలు కూడా అక్కడే ఉండకుండా ఎందుకు దిగిపోవాలి? ఎందుకంటే పగటి వెలుగులో ట్యూనాలు, డాల్ఫిన్లు, సముద్రపక్షులు వీటినీ కంటితోనే పట్టి తింటాయి. తాను తినాలంటే కాస్త వెలుగు కావాలి, తనను తినకుండా ఉండాలంటే వెలుగు ఉండకూడదు. ఆ రెండింటి నడుమ సరిపడిన మసకను వెతుక్కుంటూ అది రోజూ పైకీ కిందికీ కదులుతుంది. లాంతరు చేప గడియారం చూసుకుని కదలదు, వెలుగును చూసుకుని కదులుతుంది. సూర్యుడు వాలేకొద్దీ తనకు నచ్చిన మసక పైకి జరుగుతుంది, దానితోపాటు చేపా జరుగుతుంది. బంగాళాఖాతం పైన నీరు 28 డిగ్రీలుంటే, నాలుగు వందల మీటర్ల దగ్గర పది పన్నెండు డిగ్రీలే ఉంటుంది. ఆ చల్లదనంలో కదలకుండా ఉన్న చేపకు ఖర్చు తక్కువ, రాత్రి తిన్నది పగలంతా వస్తుంది.

అన్నీ ప్రతి రాత్రీ ఎక్కుతాయని కూడా అనుకోవద్దు. పైకి వచ్చిన రాత్రే లోతులో వల వేస్తే ఎక్కకుండా ఉండిపోయినవి కొన్ని పడతాయి. ఉత్తర పసిఫిక్‌లోని స్టెనోబ్రాకియస్ ప్రజాతిలో దగ్గరి చుట్టాలైన రెండు జాతులున్నాయి; వాటిలో ల్యూకోప్సారస్ రోజూ ఎక్కుతుంది, నానోకిర్ అసలు ఎక్కదు, లోతుకు వచ్చిన మేతతోనే సరిపెట్టుకుంటుంది.

ప్రశ్న: చీకట్లో దాక్కోవాలనుకునే చేప ఒంటికి దీపాలు ఎందుకు? దొంగ లాంతరు పట్టుకుని తిరిగినట్టు లేదా? (కర్నూలు నుంచి ఎనిమిదో తరగతి విద్యార్థి)

జవాబు: బాగా అడిగావు. నువ్వు ఈత కొలనులో అడుగున ఉండి పైకి చూస్తే, పైన ఈదుతున్నవాడు వెలుగైన ఆకాశానికి అడ్డంగా నల్లటి నీడలా కనిపిస్తాడు. సముద్రంలో కూడా వేటాడే చేపలు కింద ఉండి, పైన కదిలే నీడల కోసం చూస్తుంటాయి. లాంతరు చేప ఆ నీడను చెరిపేస్తుంది. దాని పొట్ట కింద, పక్కల వెంట, ముత్యాల సరాల్లా చిన్న చిన్న కాంతి అవయవాలుంటాయి. పైనుంచి ఎంత వెలుగు దిగుతోందో అంతే నీలి వెలుగును పొట్ట కింది నుంచి వెలువరిస్తే, కింద ఉన్న శత్రువుకు అక్కడ చేప ఉన్నట్టే తెలియదు. మబ్బు కమ్మితే దీపం తగ్గించాలి, వెన్నెల వస్తే పెంచాలి. ఆ పని కూడా అది చేయగలదు. దీపం కింద చీకటి అని మన పెద్దలు అంటారు. ఈ చేప సంగతి వేరు: దీపమే కింద ఉంటుంది, అదీ కనిపించకుండా ఉండటానికి.

ఒక్కో దీపాన్ని దగ్గరగా చూస్తే చిన్న గిన్నెలా ఉంటుంది. గిన్నె అడుగున అద్దంలా మెరిసే పొర, మధ్యలో వెలుగునిచ్చే కణాలు, పైన మూతలా ఒక పొలుసు. ఆ పొలుసు మధ్యలో మందంగా ఉబ్బి భూతద్దంలా పనిచేస్తుంది. లోతు సముద్రంలోని కొన్ని చేపలు వెలుగునిచ్చే బాక్టీరియాను ఒంట్లో పెంచుకుంటాయి. లాంతరు చేప మాత్రం ఒంట్లోని రసాయనాలతో తన వెలుగును తానే పుట్టించుకుంటుంది.

ఈ దీపాల వరస ఒక్కో జాతికి ఒక్కో తీరుగా ఉంటుంది. వలలో ఒరుసుకుని పొలుసులు రాలిపోయిన చేపను కూడా మిగిలిన దీపాల వరస చూసి ఏ జాతిదో చెప్పగలుగుతారు. చాలా జాతుల్లో మగవాటికి తోక పైభాగాన, ఆడవాటికి తోక కిందిభాగాన ప్రత్యేకంగా మెరిసే పట్టీలుంటాయి కనుక, చీకట్లో తమవారెవరో పోల్చుకోవడానికీ ఇవి పనికివస్తాయని భావిస్తున్నారు.

ప్రశ్న: భీమవరం దగ్గర చేపల చెరువులు చేస్తున్నాను. తెల్లవారుజామున డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోతే చేపలన్నీ నోళ్ళు తెరుచుకుని పైకి తేలతాయి. నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పడం ఆలస్యమైతే ఆ పంట పోయినట్టే. బంగాళాఖాతం లోతుల్లో ఆక్సిజన్ మా చెరువుల కంటే తక్కువని విన్నాను. ఈ చేపలు పగలంతా అక్కడ ఎలా బతుకుతాయి? ఇంకో సంగతి, అన్ని కోట్ల టన్నులు ఉన్నాయంటున్నారు కదా, మేతకు ఫిష్ మీల్ (చేపల పొడి) చేయడానికి వాటిని పట్టకూడదా?

జవాబు: మీరు విన్నది నిజం. బంగాళాఖాతం ఉపరితలంలో ఆక్సిజన్ ఆరు పీపీఎం (పది లక్షల వంతుల నీటికి ఆరు వంతులు) దాకా ఉన్నా, సుమారు రెండు వందల మీటర్ల నుంచి ఆరు వందల మీటర్ల దాకా ఉన్న నీటిలో అర పీపీఎం కంటే కూడా తక్కువే. అరేబియా సముద్రంలో ఇటువంటి పొర ఇంకా మందం, అందులో కొన్ని చోట్ల ఆక్సిజన్ దాదాపు సున్నా. పైనుంచి రాలే సేంద్రియ పదార్థాన్ని కుళ్ళబెట్టే బాక్టీరియా ఆక్సిజన్‌ను వాడేస్తుంది; పైన వెచ్చని తేలిక నీరు మూతలా ఉండటంతో కొత్త గాలి కిందికి కలవదు. మీ చెరువులో మీరు ఏరియేటర్ తిప్పి చేసే పని అక్కడ చేసేవారు లేరు.

లాంతరు చేపకు ఇందులో మూడు సౌకర్యాలున్నాయి. నీరు చల్లగా ఉండటంతో ఒంటికి కావలసిన ఆక్సిజనే తగ్గిపోతుంది. బర్హామ్ చూసినట్టు కదలకుండా వేలాడితే అది ఇంకా తగ్గుతుంది. అప్పటికీ చాలని భాగాన్ని ఆక్సిజన్ లేకుండానే శక్తి పుట్టించే మార్గంలో, ఒక రకంగా అప్పు చేసి, గడుపుకుని, రాత్రి పైకి వచ్చాక ఆ బాకీ తీర్చుకుంటుంది. పెద్ద ట్యూనా వంటి చురుకైన వేటగాళ్ళు అటువంటి నీటిలో ఎక్కువసేపు నిలవలేవు. అందువల్ల ఊపిరాడని ఆ పొరే లాంతరు చేపకు కోటగోడ అవుతోంది. మీ చెరువుతో పోలిస్తే అంతా తలకిందులు: చెరువులో ఊపిరి కష్టం రాత్రిది, పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, సముద్రంలో ఈ చేపకు ఊపిరి కష్టం పగటిది, రాత్రి పైకి వస్తే తీరిపోతుంది.

ఇక పట్టే సంగతి. ఒమన్ సింధుశాఖలోనూ అరేబియా సముద్రంలోనూ బెంతోసెమా టెరోటం అనే జాతి అపారంగా ఉందని 1970, 1980 దశకాల్లో ‘డాక్టర్ ఫ్రిట్యోఫ్ నాన్సెన్’ అనే నార్వే పరిశోధక నౌక చేసిన సర్వేల్లో తేలింది. అరేబియా సముద్రంలోని మొత్తం లాంతరు చేపలు పది కోట్ల టన్నులుంటాయని అప్పట్లో లెక్కగట్టారు. ఇది ఏడెనిమిది సెంటీమీటర్లు దాటని చేప, జీవితకాలం ఏడాది లోపే. ప్రపంచం మొత్తం మీద ఈ లోతుల చేపలు వంద కోట్ల టన్నులుంటాయని 1980లో వేసిన అంచనా. 2010లో బయలుదేరిన స్పెయిన్ వారి మలాస్పినా యాత్రలో ఎకో సౌండర్లతో కొలిచి వెయ్యి కోట్ల టన్నులు ఉండవచ్చన్నారు. ఒక్కసారిగా పదింతలైన కారణం చేపలు పెరగడం కాదు. దగ్గరికి వచ్చే వలను చూసి ఇవి తప్పుకుంటాయి కనుక వలతో వేసిన పాత లెక్క తక్కువ వచ్చింది. అయితే ఆ ప్రతిధ్వనిలో సైఫొనోఫోర్ల బుడగల వాటా ఎంతో తేలనిదే కొత్త లెక్కనూ తుది మాటగా తీసుకోలేం. ప్రపంచమంతటా ఏటా సముద్రంలో పట్టే చేపలు ఎనిమిది కోట్ల టన్నులన్నది గుర్తుంచుకుంటే ఈ అంకెల బరువు తెలుస్తుంది.

అయినా వేట నిలదొక్కుకోలేదు. దక్షిణాఫ్రికా, ఇరాన్ ప్రయత్నించాయి. దక్షిణ మహాసముద్రంలో సోవియట్ నౌకలు కొన్నేళ్ళు పెద్ద ఎత్తున పట్టి, 1990ల తొలినాళ్ళలో ఆపేశాయి. కేరళలో కొల్లం వైపు లోతు సముద్రపు రొయ్యలకు వేసే ట్రాల్ వలల్లో ఇవి అనుకోకుండా పడుతుంటాయి, కొచ్చిలోని పరిశోధన సంస్థలు వీటి నూనె, మీల్ మీద అధ్యయనాలు కూడా చేశాయి. కాని పగలు అంత లోతుకు సన్నకన్ను వల లాగడానికి అయ్యే డీజిలు ఖర్చు, ఒడ్డుకు తెచ్చేలోగా త్వరగా పాడయ్యే మెత్తని ఒళ్ళు, కొన్ని జాతుల్లో నూనెకు బదులు మైనం ఉండటం దీన్ని గిట్టుబాటు కానివ్వలేదు. గిట్టుబాటు అయిన రోజున కూడా తొందరపడకూడదని నా అభిప్రాయం. మీరు కొనే మేతలో కవ్వలు తగ్గి ఇవి చేరితే మీకు ఒక రూపాయి కలిసిరావచ్చు. కాని ట్యూనాలు, మన తీరంలోనూ కనిపించే స్పిన్నర్ డాల్ఫిన్లు, అంటార్కిటికా చుట్టూ ఉండే కింగ్ పెంగ్విన్లు కడుపు నింపుకునేది వీటితోనే. పైన తిన్న ఆహారంలోని కార్బన్‌ను ఇవి రోజూ లోతుకు మోసుకెళ్ళి, అక్కడే శ్వాసగానూ విసర్జనగానూ వదులుతాయి. గాలిలోంచి సముద్రంలోకి చేరిన కార్బన్‌ను వెంటనే తిరిగి పైకి రానివ్వకుండా చేసే కూలి పని అది. దానికి మనం ఇంతవరకు పైసా ఇచ్చింది లేదు.

ప్రశ్న: పున్నమి రాత్రుల్లో వల తేలిగ్గా వస్తుందని మా తాతలు అనేవారు. ఈ చేపలకు కూడా వెన్నెల పట్టింపు ఉందా? గ్రహణం రోజున ఏం చేస్తాయి? (ఉప్పాడ పాఠకుడు)

జవాబు: పట్టింపు గట్టిగానే ఉంది. మీ తాతలు చెప్పినది తీరం దగ్గరి చేపల మాట. ఏ చేపకు ఎంతవరకు వర్తిస్తుందో విడివిడిగా చూడవలసిందే. లాంతరు చేపల విషయంలో మాత్రం, అమావాస్య రాత్రి ఉపరితలం దాకా వచ్చేవి పున్నమి రాత్రి కొంత దిగువనే ఆగిపోతాయని పరిశోధక నౌకల వలలూ ఎకో సౌండర్లూ చూపిస్తున్నాయి. చంద్రుడు ఆలస్యంగా ఉదయించే రాత్రుల్లో, మొదట పైకి వచ్చిన పొర చంద్రోదయం కాగానే కాస్త కిందికి సర్దుకుంటుంది.

గ్రహణాల్లోనూ పరిశీలన జరిగింది. 1963 జూలై 20న సంభవించిన సూర్యగ్రహణంలో అట్లాంటిక్ మీద ఒక పరిశోధక నౌక ఎకో సౌండర్‌ను నడుపుతూ ఉంది. పట్టపగలు చీకటి కమ్మేకొద్దీ, ఆ లోతు పొర సాయంత్రమైందనుకుని పైకి లేవడం మొదలుపెట్టింది. గ్రహణం విడుస్తుండగా వెలుగు మళ్ళీ రావడంతో దారి మధ్యలోనే వెనుదిరిగి దిగిపోయింది. అంత కొద్దిసేపట్లో మేత అందేంత పైకి చేరే వీలు లేదు కనుక, ఆ పూటకు శ్రమే తప్ప తిండి దొరికి ఉండదు.